రాతాభాకర్ రాయికి నీళ్ళు పోసిందెవరు?

మనిషి పోయిన చోట బట్టలు మిగలడం చంద్రకళ సర్వీసులో చాలాసార్లు చూసింది. ఇంత పొందికగా మిగలడం మాత్రం ఎప్పుడూ చూడలేదు.

ఐర్లండ్ పడమటి కొసన స్ట్రాండ్‌హిల్ తీరంలో, అలలు అందని బండ మీద వెంకటేశ్వరరావు కోటు నాలుగు మడతలు పెట్టి ఉంది. పక్కనే బూట్లు, గుడి బయట విడిచినట్టు జతగా. ఆయన మంగళవారం పొద్దున డబ్లిన్ పక్కన ఆడమ్స్‌టౌన్‌లో కూతురింటి నుంచి బయల్దేరాడు. బుధవారం పొద్దున కుక్కను తిప్పడానికొచ్చిన ఒకావిడ ఆ కోటు చూసి గార్డులకు, అంటే అక్కడి పోలీసులకు, ఫోన్ చేసింది. ఇవాళ గురువారం. సాయంత్రానికి గాలింపు పడవల్ని వెనక్కి పిలిచేస్తానని సార్జెంట్ రాబర్ట్ తేల్చి చెప్పేశాడు. పడవలు వెనక్కొస్తే కేసు మూసేసినట్టే. ఆ తర్వాత సముద్రం ఇచ్చినప్పుడు తీసుకోవడమే.

చంద్రకళకు అరవై దాటాయి. హైదరాబాద్ సి.ఐ.డి.లో ఇన్‌స్పెక్టరుగా రిటైరై, కూతురి దగ్గర ఉందామని ఐర్లండ్ వచ్చి, ఊరికే కూర్చోలేక డబ్లిన్ శివారు టాలట్‌లో ప్రైవేటు డిటెక్టివ్ లైసెన్సు తీసుకుంది. నిన్న రాత్రి ఆవిడకు ఫోన్ చేసింది వెంకటేశ్వరరావు కూతురు మృదుల. టాలట్ ఆసుపత్రిలో డాక్టరు. నాన్న చచ్చిపోయాడని గార్డులు అంటున్నారు, నేను నమ్మలేకపోతున్నాను, నమ్మకుండానూ ఉండలేకపోతున్నాను అంది. ఆ రెండో మాట కోసమే చంద్రకళ కేసు తీసుకుంది.

ఇప్పుడు ముగ్గురూ ఆ తీరానికి దగ్గర్లో ఉన్న స్లైగో ఊరి చివర ఒక పొడవాటి రేకుల షెడ్డు ముందు కారులో కూర్చుని ఉన్నారు. డ్రైవింగ్ సీట్లో మృదుల భర్త శ్యాం. షెడ్డు ఒక గనుల కంపెనీది. శ్యాం ఆ కంపెనీకే డబ్లిన్‌లో సాఫ్ట్‌వేర్ చేస్తాడు. మామగారిని సలహాదారుగా పెట్టించిందీ అతనే. ఆయన మంగళవారం ఈ షెడ్డుకనే బయల్దేరాడు.

లోపలికి వెళ్ళేముందు చంద్రకళ మృదులను అడగవలసినవన్నీ అడిగేసింది. నాన్నకు మతిమరుపు ఉందా, దిగులు ఉందా, ఎవరితోనైనా గొడవ పడ్డాడా? మృదుల దేనికీ తడుముకోలేదు. ఫోన్ ఎక్కడ పెట్టాడో మర్చిపోతాడు. మాత్ర వేసుకున్నాడో లేదో మర్చిపోతాడు. రాతాభాకర్ గురించి అడిగితే మాత్రం నిన్న చూసొచ్చినట్టు చెబుతాడు.

రాతాభాకర్ రాజస్థాన్ ఎడారిలో చిన్న ఊరు. ఎర్రగుట్ట అని అర్థం. ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట అక్కడ సముద్రం ఉండేది. అది ఎండిపోయి ఉప్పు పొరలు పొరలుగా మిగిలింది. దాని మీద మట్టి, మట్టి మీద ఇసుక. ఊరివాళ్ళకు ఇదంతా తెలియదు. వాళ్ళకు తెలిసిందల్లా తమ బావిలో నీళ్ళు చేదని, మేకలు కూడా మూతి పెట్టవని. ఆ చేదు జాడ పట్టుకునే జియాలజిస్టులు వచ్చారు. అది ఎరువుల్లో వేసే పొటాష్ ఉప్పు. గని తవ్వారు, కాలనీ కట్టారు, బడి పెట్టారు, ఆదివారం రేకుల షెడ్డులో సినిమా ఆడించారు. మృదుల పుట్టిందీ, అక్షరాలు దిద్దిందీ అక్కడే.

ఉప్పు పొరకు పైన ఒక నల్లటి బంకమట్టి పొర ఉంటుంది. దానికి పైన నీళ్ళు నిండిన ఇసుకరాయి. ఉప్పుకీ నీటికీ మధ్య గొడుగంటే ఆ నల్ల పొరే. తూర్పు వైపు అది పలచబడిపోయింది, అటు తవ్వొద్దని వెంకటేశ్వరరావు మొత్తుకున్నాడు. తవ్వారు. ఉప్పు గనిలోకి నీళ్ళొస్తే కారడం ఉండదు, గోడలే కరిగిపోతాయి. పదకొండుమంది పైకి రాలేదు. పై ఏడాదికల్లా ఊరు ఖాళీ. ఆఖరి లారీలో ఎక్కింది వెంకటేశ్వరరావు కుటుంబమే. ఇప్పుడీ ఐర్లండ్ కంపెనీ ఆ గనిని మళ్ళీ తెరుస్తానంటోంది. అక్కడినుంచి తెచ్చిన రాళ్ళే ఈ షెడ్డులో ఉన్నాయి.

"మీ నాయన ఆ రాళ్ళను ఎట్ల చూస్తుండె బిడ్డా? చేత్తోనా, అద్దం పెట్టా?" అని అడిగింది చంద్రకళ.

"నాలుకతో ఆంటీ. నిజంగానే. మామూలు ఉప్పయితే ఉప్పన, పొటాష్ అయితే చేదు. వాళ్ళందరూ అలాగే చూసేవాళ్ళు." మృదుల ముఖంలో నవ్వులాంటిది వచ్చి పోయింది. "నాన్న నన్ను కొట్టింది లైఫ్‌లో ఒక్కసారే. చిన్నప్పుడు నా బాటిల్లో నీళ్ళు ఒక కోర్ మీద పోశాను. వాళ్ళసలు నీళ్ళు తగలనివ్వరు ఆంటీ. డ్రిల్లింగ్‌కి కూడా ఇక కరగదన్నంత చిక్కటి ఉప్పునీళ్ళు వాడతారు. తుడవాలంటే నూనె గుడ్డ."

కోర్ అంటే భూమిలోకి గొట్టం దించి బయటికి లాగిన రాతి కడ్డీ. ముక్కలుగా ట్రేల్లో పేర్చి దాచుకుంటారు. ఏ లోతులో ఏముందో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

ఆఖరున, నాన్నను చివరిసారి ఎప్పుడు చూశావని అడిగింది. మంగళవారం ఆవిడకు పొద్దుటి డ్యూటీ. బాత్రూంలో నాన్న మొహం కడుక్కుంటున్న చప్పుడు వింటూనే, లేటవుతోందని చెప్పకుండా వెళ్ళిపోయింది. ఆయన్ని మేనూత్ రైలు స్టేషన్ దాకా దింపింది శ్యాం. రైలెక్కేదాకా ఉంటానంటే, మీటింగుంది కదా పొమ్మన్నారట మామయ్య.

కాపురంలో పాతికేళ్ళు చంద్రకళ తన భర్త ఎప్పుడు బయటికెళ్ళినా గుమ్మందాకా వెళ్ళి చూసేది. వెళ్ళలేని రోజు ఒక్కటే వచ్చింది. ఆయన తిరిగి రానిదీ ఆ రోజే. అలాంటివాళ్ళకు చెప్పే ఓదార్పు లోకంలో ఇంకా ఎవరూ కనిపెట్టలేదు.

శ్యాం భార్య భుజం మీద చెయ్యి వేసి, చంద్రకళ వైపు తిరిగాడు. "ఆంటీ, తను నిన్నట్నుంచి ఏం తినలేదు. టౌన్లోకి తీసుకెళ్ళి కాస్త టీ అయినా తాగిస్తాను. మీ పని అయ్యాక ఫోన్ చేయండి, వచ్చి పికప్ చేసుకుంటాం."

చంద్రకళ సరేనంది. కారు గేటు దాటేదాకా నిలబడి చూసింది.

*

షెడ్డులో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఒకడు సార్జెంట్ రాబర్ట్, తలుపంత మనిషి. రెండోవాడు విక్టర్, షెడ్డు బాధ్యత చూసే జియాలజిస్టు. కళ్ళకింద రెండ్రోజుల నలుపు.

"రండి మిసెస్ చంద్రకళా. టాలట్‌లో భర్తల వెనకాల తిరిగే పని అయిపోయిందా?" అన్నాడు రాబర్ట్.

"అయిపోయింది సార్జెంట్. వాళ్ళందరూ దొరికారు. మీవాళ్ళే దొరకడం లేదని పిలిచారు."

రాబర్ట్ నవ్వలేదు. తన కథ తాను చెప్పాడు. ముసలాయన ఇక్కడికొచ్చాడు. తన మనుషుల్ని మింగిన గనిలోని ఉప్పురాళ్ళు కళ్ళెదుట కనబడ్డాయి. మనసు చెదిరింది. గొట్టంతో నీళ్ళు పెట్టి ఆ రాళ్ళను నాశనం చేశాడు. ఆ తర్వాత తీరానికి నడిచి సముద్రంలోకి దిగిపోయాడు. కథ గుండ్రంగా, గ్రాండ్‌గా ఉంది. నిజంగా జరిగినవాటికి ఇంత గుండ్రటి అంచు ఉండదని చంద్రకళ అనుభవం.

ఆవిడ విక్టర్‌ను పట్టుకుంది. మంగళవారం ఎక్కడున్నావు? డబ్లిన్ ఆఫీసులో, పదిమంది ఎదుట. షెడ్డు ఎలా తెరుచుకుంది? తాళంచెవులన్నీ తలుపు పక్కన నంబరు పెట్టెలో ఉంటాయి. ఆ నంబరు తనకు తెలుసు, ముసలాయనకు పంపాడు, డబ్లిన్ ఆఫీసులోనూ కొందరికి తెలుసు. ఎప్పుడు తిరిగొచ్చావు? బుధవారం ఉదయం. వచ్చేసరికి ఇదీ.

ఇదీ అని అతను చూపించింది షెడ్డు మధ్యలో ఉన్న పొడవాటి బల్లను.

బల్ల మీద ట్రేలు వరసగా ఉన్నాయి. ట్రేల్లో ఉన్నవి ఒకప్పుడు గుండ్రటి కడ్డీలే అయినా ఇప్పుడు అరిగిపోయిన సబ్బుముక్కల్లా ఉన్నాయి. లేత గులాబి రంగు, ఎరుపు, తెలుపు, అంతటా గుంటలు. నల్లమట్టి ముక్కలు ఉబ్బి విచ్చుకుపోయాయి. బల్ల కిందనుంచి కాలువ దాకా నేలంతా తెల్లగా పేరుకుపోయింది. కారిన నీళ్ళు ఆరి ఉప్పయింది. విక్టర్ ఒక ముక్కను రెండు చేతులతోనూ ఎత్తాడు. పక్షిపిల్లను ఎత్తినట్టు.

"ఈ రెండేళ్ళూ వీటిమీద తుమ్మకుండా కాపాడాను. ఈ దేశంలో గాలి కూడా వీటికి విషమే."

ఆ చేతులను చంద్రకళ చూసింది. ఈ పాడుపని చేసింది ఈ మనిషి కాదు. ఒంగి, వేలు నేలకు రాసి, నాలుక మీద పెట్టుకుంది. చేదు నాలుకను పట్టుకుంది. రాబర్ట్ ముఖం తిప్పుకున్నాడు.

"సాక్ష్యాన్ని తినకండి."

"తినలేదు, రుచి చూశాను. మీరు బల్లను సరిగ్గా చూశారా?"

"చూశాను. పిచ్చి పట్టినవాడి పని."

"పిచ్చి పట్టినవాడు పగలగొడతాడు, విసిరేస్తాడు, గొట్టం విడిచిపెట్టి వెళ్ళిపోతాడు. ఇక్కడ ప్రతి ముక్కనూ బ్రష్‌తో తోమారు. గీతలు చూడండి. తోమి, మళ్ళీ వరసలో పేర్చారు. ఒక్క ముక్క వంకర లేదు. ట్రే అంచున ఈ కొలబద్ద కూడా పెట్టారు. విక్టర్, కొలబద్ద ఎప్పుడు పెడతారు?"

విక్టర్ అప్పుడే దాన్ని కొత్తగా చూస్తున్నట్టు చూశాడు. "ఫోటో తీసేటప్పుడు."

"కాబట్టి వీటిని కడిగింది పాడుచేయడానికి కాదు, అందంగా కనబడటానికి. కడిగినవాడికి ఇది కరుగుతుందని తెలియదు. వెంకటేశ్వరరావుకు తెలియకపోవడం ఉంటుందా? కన్నకూతురు బాటిల్లో నీళ్ళు పోస్తే చెయ్యి చేసుకున్న మనిషి. మతి మొత్తం పోయినా ఆ చేతులు గొట్టం దగ్గరకు పోవు."

షెడ్డులో ఎక్కడో ఒక మిషన్ సన్నగా రొద చేస్తోంది. రాబర్ట్ గడ్డం గోక్కున్నాడు.

"మరి రాయిని కడిగి ఫోటో తియ్యడం ఎవరి అలవాటు?"

అందరి అలవాటూనని విక్టర్ చెప్పాడు. ఐర్లండ్‌లో దొరికేది ఎక్కువగా సున్నపురాయి. తడిపితేనే రంగు, గీత స్పష్టంగా తేలతాయి. కంపెనీలో వేలకొద్దీ ఫోటోలున్నాయి, అన్నిట్లోనూ రాయి తడిసి మెరుస్తూనే ఉంటుంది. ఈ ఉప్పురాళ్ళను మాత్రం తాను పొడిగానే తీశాడు. "రాయిని ముట్టుకోకుండా ఫోటోల్లోనే చూసినవాడయితే, కడగాలనే అనుకుంటాడు" అన్నాడు.

"అలాంటివాళ్ళు మీ దగ్గర ఎవరున్నారు?"

విక్టర్ జవాబు చెప్పబోతుండగా చంద్రకళ చెయ్యెత్తి ఆపింది. ఆ రొద ఎక్కడిదో ఆవిడకు అప్పుడు కనబడింది. షెడ్డు వెనక గోడకు ఆనించి, మందపాటి ఇనప గది ఒకటి ఉంది. ఓడల మీద సరుకు పంపే పెట్టెను గదిగా మార్చారు. తలుపుకి అడ్డగడియ, తాళం.

"అదేమిటి?"

అది పొడి గది. మిగతా కోర్ అంతా అందులోనే ఉంటుంది. గాలిలో తేమను లాగి నీళ్ళుగా మార్చే మిషన్ ఒకటి లోపల రాత్రింబవళ్ళు నడుస్తుంది. ఆ నీళ్ళు సన్నటి గొట్టం గుండా బయట బకెట్లో పడతాయి.

"మంగళవారం తర్వాత దీన్ని తెరిచారా?"

"లేదు" అన్నాడు రాబర్ట్. "తెరిస్తే లోపలున్నది కూడా పాడవుతుందన్నాడు. తాళం వేసే ఉంది. సముద్రంలో పోయినవాడిని ఉప్పుగదిలో వెతకమంటారా?"

చంద్రకళ అతని వైపు చూడనుకూడా లేదు. తలుపు పక్కన గోడకు చిన్న మీటరు ఉంది. లోపలి తేమ ఎంతో చూపిస్తుంది. దాని ముల్లు ఎర్రగీత దాటి ఉంది.

"ఇది ఎప్పుడూ ఇంతే ఉంటుందా?"

"లేదు లేదు. బుధవారం వచ్చి చూసేసరికే పెరిగి ఉంది. ట్రేలు బయటికి మోసేటప్పుడు ముసలాయన తలుపు తెరిచి వదిలేసి ఉంటాడు, తడిగాలి చేరింది. అలాంటప్పుడు తేమ తగ్గేదాకా తెరవకూడదు. అది మా పద్ధతి. అందుకే తాళం కూడా ముట్టుకోలేదు."

"తగ్గిందా మరి?"

విక్టర్ మీటరు దగ్గరకు వచ్చాడు. కళ్ళు చిట్లించాడు. "ఇంకా పెరిగింది" అన్నాడు నెమ్మదిగా.

"బకెట్?"

"నిన్న మధ్యాహ్నం దాకా చుక్కచుక్క పడింది. ఆ తర్వాత ఆగిపోయింది. ఆరుతోందని సంతోషించాను."

చంద్రకళ తలుపుకి చెవి ఆనించి లోపలి రొద వింది.

"మిషన్ నడుస్తోంది. తేమ పెరుగుతోంది. అంటే అది నీళ్ళు లాగుతూనే ఉండాలి. బయటికి చుక్క రావడం లేదు. ఆ నీళ్ళు ఎటు పోతున్నాయి విక్టర్? మూసిన గదిలో, ఎండు ఉప్పు మధ్య, కొత్తగా తేమ పుట్టించేది ఏముంటుంది?"

విక్టర్ జేబులోంచి తాళంచెవి తీసి తాళంలో పెట్టాడు. తిరగలేదు. మళ్ళీ పెట్టాడు.

"ఇది నా తాళం కాదు" అన్నాడు.

రాబర్ట్ అప్పటికే పరుగెత్తుతున్నాడు. అంత పెద్ద మనిషి అంత వేగంగా కదలగలడని చంద్రకళ అనుకోలేదు. జీపులోంచి కట్టర్ తెచ్చి తాళం కొండీని ఒక్క పట్టున తుంచాడు. వారెంటు మాట ఎవరూ ఎత్తలేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు గార్డుకి తలుపు బద్దలు కొట్టే హక్కుంది. అతను దాన్ని వాడుకున్నాడు, అంతే.

తలుపు తెరుచుకోగానే వెచ్చటి చెడ్డ గాలి మొహాన కొట్టింది.

ట్రేల అరల మధ్య, మిషన్‌కి వీపు ఆనించి వెంకటేశ్వరరావు కూర్చుని ఉన్నాడు. చెవి పక్కన నెత్తురు ఎండి నల్లగా కట్టింది. కాళ్ళకు బూట్లు లేవు. పెదవులు పగిలి, మీద తెల్లటి పొర. నీళ్ళు బయటికి పోవలసిన సన్నటి గొట్టాన్ని ఊడబెరికి, దాని కొస పళ్ళ మధ్య బిగించి పట్టుకున్నాడు. కళ్ళు మూసుకునే ఉన్నాడు. గొట్టం కొస కదిలింది. గుటక పడింది.

రాబర్ట్ మోకాళ్ళ మీద కూలబడి నాడి పట్టుకున్నాడు. "ఉంది" అన్నాడు. ఆ తర్వాత రేడియోలో అంబులెన్సు కోసం అరిచాడు. విక్టర్ తలుపు బార్లా తెరిచి పట్టుకుని నిలబడ్డాడు. స్లైగో తడిగాలి రెండేళ్ళుగా కాపాడిన ఉప్పు మీదికి పోతోంది. అతను దాన్ని లెక్కచెయ్యలేదు.

చంద్రకళ పక్కన కూర్చుని తెలుగులో పిలిచింది. "వెంకటేశ్వరరావు గారూ. మీ మృదుల పంపితే వచ్చిన."

కళ్ళు తెరుచుకున్నాయి. చూపు నిలవడానికి కొంతసేపు పట్టింది.

"మృదుల..."

"బాగుంది. మీకోసమే వచ్చింది, ఇక్కడే ఉంది."

"ఎవరితో?"

"అల్లుడితో. టీ తాగి వస్తమని..."

ఆయన వేళ్ళు ఆవిడ మణికట్టును పట్టుకున్నాయి. రెండ్రోజులు తిండిలేని మనిషికి అంత పట్టు ఎక్కడినుంచి వచ్చిందో.

"నల్ల పొర లేదమ్మా" అన్నాడు. ఒక్కో మాటా రాయి ఎత్తినట్టు ఎత్తి పెడుతున్నాడు. "అంతటా మందంగా ఉందని అతని ప్రోగ్రాం చెప్పింది. ఫోటోలు చూసి చెప్పే ప్రోగ్రాం. నీడని కూడా మట్టే అనుకుంది. తప్పని చెప్పాను. మళ్ళీ ఊరు కడితే మళ్ళీ మనుషులు పోతారన్నాను. నీ పేరు మీదే పోతారన్నాను. తలకేదో తగిలింది. తలుపు వేసేశాడు." ఊపిరి తీసుకున్నాడు. "మృదులకి తెలీదు."

రాయిని ముట్టుకోకుండా ఫోటోల్లోనే చూసినవాడు. మేనూత్ స్టేషన్‌లో దింపానని చెప్పి, తానే ఇక్కడిదాకా తీసుకొచ్చినవాడు. పాత ముక్కలను తన ప్రోగ్రాం చెప్పినట్టే మళ్ళీ పేర్చి, కడిగి, కొత్త ఫోటోలు తీసి, తాళం మార్చి, బూట్లూ కోటూ సముద్రానికి అప్పజెప్పి, సాయంత్రానికి ఇంటికెళ్ళి భార్య కన్నీళ్ళు తుడిచినవాడు. కారు గేటు దాటేదాకా చంద్రకళ నిలబడి చూసింది. ఆ కారులోకి మృదులను తానే పంపింది.

లేచి గోడ దగ్గరకు వెళ్ళి మృదుల నంబరు నొక్కింది. చాలాసేపు మోగింది.

"చెప్పండి ఆంటీ." శ్యాం గొంతు.

"మృదుల లేదా బిడ్డా?"

"పడుకుంది ఆంటీ. రెండ్రోజులుగా నిద్ర లేదు కదా, టీలో ఒక టాబ్లెట్ వేసిచ్చాను. మామయ్య బూట్లు దొరికిన చోటు చూడాలని ఒకటే ఏడుపు. స్ట్రాండ్‌హిల్‌లో పార్క్ చేశాను. లేచాక అలా నడిపించి తీసుకొస్తా."

చంద్రకళ రాబర్ట్ వైపు చూసింది. అతనికి తెలుగు రాదు. ఆవిడ ముఖం మాత్రం అర్థమైంది. లేచి దగ్గరకొచ్చాడు. ఆవిడ ఒంగి తన వేలితో నేల మీది ఉప్పుపొడిలో తీరం పేరు రాసింది, కారు బొమ్మ గీసింది. తీరంలో గాలిస్తున్న తనవాళ్ళను పిలవడానికి అతను రేడియో తీసుకుని బయటికి పరుగెత్తాడు.

"నేను కూడా అక్కడికే వస్తున్న. తనను లేపకు. నేను వచ్చేదాక కార్లనే ఉండుండ్రి."

"మీకెందుకు ఆంటీ శ్రమ, మేమే వస్తాం. షెడ్డులో ఏమైనా తెలిసిందా?"

"ఏం తెలుస్తది బిడ్డా. ఉత్త రాళ్ళే."

"నేను చెప్పాను కదా ఆంటీ" అన్నాడు శ్యాం. గొంతులో నిజంగానే జాలి ఉంది.

దూరంగా రోడ్డు మలుపులో అంబులెన్సు కూత మొదలైంది. చంద్రకళ ఫోన్‌కి అరచెయ్యి అడ్డం పెట్టి గోడవైపు తిరిగింది. రేకుల షెడ్డు ఆ కూతను పట్టి రెండింతలు చేసి లోపలికి విసిరింది.

"ఆంటీ, ఆ సైరన్ ఎక్కడిది?"

"రోడ్డు మీద పోతున్నది."

కూత గేటు దాటి షెడ్డు ముందు ఆగింది. ఆ తర్వాత ఫోన్లో వినిపించింది శ్యాం గొంతు కాదు. కారు తలుపు తెరుచుకున్న చప్పుడు, దాని వెనకే గాలి, అల విరిగిపడుతున్న హోరు, ఆ హోరులో నిద్రమత్తుగా 'ఎక్కడికి?' అంటున్న మృదుల గొంతు.